వెబ్‌సైట్ అమ్ముతున్నారా? మే నెల ఆదాయం చూసి ధర చెప్పకండి

గుంటూరులో ఎవరైనా స్థలం అమ్మకానికి పెడితే, కొనడానికి వచ్చినవాళ్ళు మొదట అడిగేది లింకు డాక్యుమెంట్లు, ఈసీ. రోడ్డు ఎంత వెడల్పు, నీళ్ళు పడతాయా లాంటివన్నీ ఆ తర్వాతే. వెబ్‌సైట్ అమ్మకం కూడా ఇలాగే ఉంటుందని, నిల్వ పచ్చళ్ళు ఎలా పెట్టాలో చెప్పే, ఆరేళ్ళు నడిపిన నా సైటు అమ్మేదాకా నాకు తెలియలేదు. ఎంత కష్టపడి కట్టానో చెప్తే ధర వస్తుందనుకున్నాను. కష్టానికి ఎవరూ డబ్బివ్వరు. రేపు మీరు పక్కకి తప్పుకున్నా ఆ సైటు ఎంత సంపాదిస్తుందో, దానికి మీ దగ్గర రుజువేమిటో, దాన్ని బట్టే ఇస్తారు.

ముందు ధర సంగతి. అడ్రస్ కొట్టగానే "మీ సైటు విలువ ఇంత" అని చూపించే సైట్లు బోలెడున్నాయి, వాటిని నమ్మకండి. నా సైటుకి ఒకటి 90 వేలంది, ఇంకోటి 11 లక్షలంది. మీ ఆదాయం ఎంతో, ఖర్చు ఎంతో వాటికి తెలియదు, ఏవో అంకెలు కలిపి ఒక మొత్తం చూపిస్తాయి, అంతే. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ నిజంగా వాడే పద్ధతి చాలా సింపుల్: గత 12 నెలల నికర ఆదాయానికి నెలసరి సగటు తీసి, దాన్ని ఒక సంఖ్యతో హెచ్చవేస్తారు. ఆ సంఖ్య మామూలుగా 20 నుంచి 40 మధ్యలో ఉంటుంది, అంటే కొన్నవాడికి పెట్టిన డబ్బు రెండు మూడేళ్ళలో తిరిగి రావాలన్నమాట. చిన్న సైట్లకి, అందులోనూ ఒక్క మనిషి మీద నడిచేవాటికి, 20 వైపే ఆశించండి.

ఇక్కడే నేను బోల్తా పడ్డాను. పచ్చళ్ళ సైటుకి ఆవకాయ సీజనే పండగ. ఏప్రిల్‌లో కాయ మార్కెట్లోకి రాగానే ట్రాఫిక్ (సైటుకి వచ్చేవాళ్ళ సంఖ్య) లేస్తుంది, మే అంతా ఉంటుంది, జూన్‌లో తగ్గుముఖం పడుతుంది. మే నెలలో నాకు సైటులోని యాడ్స్ మీద 48 వేలు వచ్చింది. దాన్ని ముప్పైతో హెచ్చవేసుకుని, 14 లక్షల 40 వేలు అని రాత్రంతా నిద్రపోకుండా ఊహల్లో కారు కూడా కొనేశాను. తీరా చూస్తే ఏప్రిల్ 41 వేలు, జూన్ 36 వేలు, మిగతా తొమ్మిది నెలలూ కలిపితే 1,39,000. ఏడాది మొత్తం 2,64,000, అంటే నెలకి 22 వేలు. అందులోంచి హోస్టింగ్ (సైటు ఉండే సర్వర్ అద్దె), డొమైన్ (సైటు అడ్రస్) కింద నెలకి వెయ్యి తీసేయాలి, వ్యాసాలు రాసిపెట్టే అమ్మాయికి మూడు వేలు తీసేయాలి. అక్కడితో ఆగిపోయాను. కొనేవాడు ఆగలేదు. "కామెంట్లకి జవాబులు, ఫోటోలు, అప్‌డేట్లు అన్నీ మీరే చేస్తున్నారు కదా, ఆ పనికి నేను ఇంకొకర్ని పెట్టుకోవాలి, నాలుగు వేలు తీయండి" అన్నారు. తప్పేం లేదు, నేనైనా అదే అడుగుతాను. మిగిలింది 14 వేలు. ఇరవైతో 2,80,000, ముప్పైతో 4,20,000. కారు ఎగిరిపోయింది.

మీ లెక్క మీరే ఇలా ఒక కాగితం మీద, మీకు మీరే శత్రువు అనుకుని వేసుకోండి. సైటుకి తగిలించుకునే ప్లగిన్లకి ఏడాదికి ఒకసారి కట్టే ఫీజులు, మీ సొంత టైము, ఏదీ వదలొద్దు. మీరు వదిలేసినవి అవతలివాళ్ళు పట్టుకుంటే, మిగతా అంకెల మీద కూడా నమ్మకం పోతుంది.

హెచ్చవేసే సంఖ్యని పెంచేవీ తగ్గించేవీ కొన్నున్నాయి. ట్రాఫిక్ మొత్తం ఒకే చోట నుంచి వస్తుంటే కొనేవాడికి భయం. 2023 సెప్టెంబర్లో, మళ్ళీ 2024 మార్చిలో గూగుల్ తన సెర్చ్‌లో చేసిన అప్‌డేట్లతో చాలా చిన్న సైట్ల ట్రాఫిక్ పడిపోయింది, అప్పటి నుంచి కొనేవాళ్ళు ఆ రెండు నెలల దగ్గర గ్రాఫ్ ఎలా ఉందో వేలు పెట్టి మరీ చూస్తున్నారు. సగం వ్యూస్ ఒక్క పేజీకే వస్తున్నా ఇబ్బందే (నాది మాగాయ పేజీ, ఎందుకంత ఎక్కిందో ఇప్పటికీ అర్థం కాదు). అన్నిటికన్నా పెద్ద సమస్య సైటులో మీ మొహం ఉండటం. నా వీడియోలన్నిట్లో ఆవకాయ కలిపే చేతులు మా అమ్మవి. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హోటల్లో కూర్చుని ఫోన్లో అవి చూస్తూ, కొనడానికి వచ్చినాయన టీ కప్పు కింద పెట్టి, "సైటుతో పాటు అమ్మగారు కూడా వస్తారాండీ?" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం కానీ ఆ మాటతోనే నా ధర ఓ మెట్టు దిగింది. అమ్మే ఆలోచన ఉంటే ఓ ఏడాది ముందు నుంచే మీ పేరుకి బదులు సైటు పేరు కనపడేలా, ఇంకొకరు వచ్చినా పని సాగేలా మార్చుకుంటూ రండి.

ఇక కాగితాలు. డొమైన్ ఎవరి పేరు మీదుంది? నవ్వకండి, వెళ్ళి చూడండి. మన దగ్గర చాలామందికి సైటు కట్టింది తెలిసిన కుర్రాడు, డొమైన్ కొన్నది వాడి ఈమెయిల్ మీద, వాడు ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఫోన్ ఎత్తడు. నాదీ అదే కథ. పాపం మంచివాడే, అడగ్గానే ఇచ్చాడు, నేను మార్చి నెలాఖర్లో దాన్ని వేరే రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే కంపెనీ) దగ్గరున్న నా ఖాతాకి ట్రాన్స్‌ఫర్ చేయించుకున్నాను. ఏప్రిల్‌లో బేరం కుదిరింది, 3,60,000. అప్పుడు తెలిసింది: డాట్ కామ్ డొమైన్‌ని ఒక రిజిస్ట్రార్ నుంచి ఇంకోదానికి మారిస్తే ఆ తర్వాత 60 రోజుల పాటు మళ్ళీ మార్చనివ్వరు. కొత్తగా కొన్నదానికీ అంతే. ఆయనకి కావాల్సిందే సీజన్. మే చివరికి తాళం ఊడేసరికి కాయలు పండిపోయాయి, ఆవకాయ పెట్టేవాళ్ళు పెట్టేసుకున్నారు, 40 వేలు తగ్గించి 3,20,000 కి ఒప్పుకోవాల్సి వచ్చింది. చాలా రిజిస్ట్రార్ల దగ్గర, కొనేవాళ్ళు కూడా అక్కడే ఒక ఖాతా తెరుచుకుంటే, బయటికి ట్రాన్స్‌ఫర్ చేయకుండా లోపలే ఆ ఖాతాలోకి నెట్టేయొచ్చని, దాన్ని పుష్ అంటారని, తర్వాత ఎవరో చెప్పారు. అప్పుడు నా మొహం చూడాల్సింది.

రాసిన వ్యాసాల హక్కు ఇంకో పేచీ. డబ్బిచ్చాం కదా, మనవే అనుకుంటాం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, జీతం మీద పనిచేసే ఉద్యోగి రాస్తే సాధారణంగా హక్కు యజమానిది, బయటివాళ్ళ చేత రాయించుకుంటే మాత్రం మొదటి హక్కు రాసినవాళ్ళదే. మీకు రావాలంటే వాళ్ళు సంతకం పెట్టి రాసివ్వాలి. అందులో ఎన్నేళ్ళకి అని రాయకపోతే ఐదేళ్ళకే ఇచ్చినట్టు లెక్క, ఏ ప్రాంతానికి అని రాయకపోతే భారతదేశం వరకే. కాబట్టి ఆ రెండు ముక్కలూ ఉండేలా రాయించుకోండి. నాకు రాసిపెట్టే అమ్మాయి బ్రాడీపేటలోనే ఉంటుంది కనుక సాయంత్రం వెళ్ళి సంతకం తెచ్చుకున్నాను, ఊళ్ళో లేకపోతే టెన్షనే. గూగుల్ ఇమేజెస్‌లోంచి ఎత్తుకొచ్చిన ఫోటోలుంటే అమ్మకానికి ముందే పీకేయండి.

రుజువులు చూపించేటప్పుడు స్క్రీన్‌షాట్లు పంపకండి, ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. సైటుకి ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్‌లో చూడటానికి మాత్రమే వీలున్న యాక్సెస్ ఇవ్వండి. గూగుల్ వెతుకులాటలో మీ సైటు ఎలా కనపడుతోందో చూపించే సెర్చ్ కన్సోల్ 16 నెలల డేటానే ఉంచుతుంది, అందుకని ఈ రోజు నుంచే నెలనెలా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకుంటే మూడేళ్ళ చరిత్ర చూపించగలుగుతారు. యాడ్సెన్స్ (సైట్లలో యాడ్స్ వేసి డబ్బిచ్చే గూగుల్ సేవ) ఆదాయాన్ని వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేసి, పేజీ రిఫ్రెష్ చేసి చూపించి, దానికి జతగా బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టండి. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వొద్దు, "ఒక్క పది నిమిషాలు చూసి మార్చేస్తాం" అన్నా సరే.

ఎక్కడ అమ్మాలి అంటే, 2009లో ఆస్ట్రేలియాలో మొదలైన ఫ్లిప్పా ఉంది, ఎవరైనా పెట్టొచ్చు, గొట్టం గాళ్ళు కూడా ఎక్కువే. ఎంపైర్ ఫ్లిప్పర్స్ లాంటి బ్రోకర్లు ఓ స్థాయి ఆదాయం లేని సైట్లని తీసుకోరు. తెలుగు సైటుకి అక్కడ కొనేవాళ్ళు దొరకడం కష్టమే, వాళ్ళకి అందులో ఏముందో చదవడం రాదు. నా సలహా, మీ సబ్జెక్టులో వ్యాపారం చేసేవాళ్ళని వెతకండి. నా సైటు కొన్నాయన విజయవాడలో పచ్చళ్ళు చేసి అమెరికాకి పార్సిల్ చేస్తారు. యాడ్స్ మీద వచ్చే 14 వేలు ఆయనకి పెద్ద లెక్క కాదు, ఆవకాయ ఎలా పెట్టాలి అని వెతికేవాళ్ళలో వందకి ఒకరు "ఎందుకొచ్చిన గొడవ, కొనేద్దాం" అనుకున్నా ఆయనకి గిట్టుబాటు. ఇలాంటివాళ్ళతో మాట్లాడేటప్పుడు యాడ్స్ ఆదాయం కన్నా ఏ పేజీకి ఏ దేశం నుంచి ఎంతమంది వస్తున్నారో ఎక్కువ చూపించండి. నేను అమెరికా అంకెలు విడిగా తీసి చూపించాక, అప్పటిదాకా 2,80,000 దగ్గర ఆగిపోయిన బేరం ముందుకి కదిలింది.

మోసాల సంగతి రెండు ముక్కల్లో. "కొంటాం, కానీ ముందు ఫలానా సైటులో విలువ సర్టిఫికెట్ తీసుకురండి" అని ఎవరైనా మెయిల్ పెడితే, ఆ సర్టిఫికెట్ ఫీజు కోసమే అదంతా. డబ్బు పంపడానికి క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టమంటే ఫోన్ పెట్టేయండి, డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు.

డబ్బు తీసుకోవడం. విదేశాల వాళ్ళైతే ఎస్క్రో డాట్ కామ్ లాంటిది వాడండి: వాళ్ళు డబ్బు అక్కడ వేస్తారు, మీరు సైటు ఇస్తారు, వాళ్ళు సరే అన్నాక మీకు వస్తుంది. పక్క ఊరివాళ్ళైతే ఎదురెదురుగా కూర్చుని చేసుకోవచ్చు. మేం వంద రూపాయల స్టాంపు పేపర్ మీద అగ్రిమెంట్ రాసుకుని, 50 వేలు బయానాగా తీసుకుని, మిగతాది డొమైన్ మార్చే రోజు బ్యాంకు ద్వారా తీసుకున్నాం. ఆయన మొదట "క్యాష్ ఇచ్చేస్తా" అన్నారు. ఒప్పుకోకండి. ఒక లావాదేవీలో 2 లక్షలు లేదా అంతకు మించి నగదు తీసుకుంటే ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళు అంతే మొత్తం పెనాల్టీ వేయొచ్చు. వచ్చిన డబ్బుని రిటర్న్స్‌లో ఏ పద్దు కింద చూపించాలో మీ ఆడిటర్‌ని అమ్మకముందే అడగండి, అమ్మాక అడిగితే ఆయన చేసేదేం ఉండదు. ఇంకోటి, అదే సబ్జెక్టులో మళ్ళీ సైటు పెట్టనని ఆయన నా చేత రాయించుకున్నారు. ఎన్నేళ్ళు, ఏ సబ్జెక్టు అనేది మీరు కచ్చితంగా రాయించండి. మొదటి డ్రాఫ్టులో "వంటలకు సంబంధించి" అని ఉంది, దాన్ని నేను "నిల్వ పచ్చళ్ళు, రెండేళ్ళు" అని మార్పించాను.

అప్పగించే రోజు ఒక వరస ఉంటుంది, అది తప్పకండి. ఫైళ్ళు, డేటాబేస్ రెండూ బ్యాకప్ తీసి ఆయన హోస్టింగ్‌లో పెట్టి, అన్ని పేజీలూ తెరుచుకుంటున్నాయో లేదో ఆయన చేతే చూపించుకోవాలి. తర్వాత డబ్బు మీ ఖాతాలో పడాలి, మెసేజ్ చూసి కాదు, యాప్ తెరిచి బ్యాలెన్స్ చూసి. ఆ తర్వాతే ఆథ్ కోడ్ (డొమైన్‌ని వేరే రిజిస్ట్రార్‌కి మార్చడానికి కావాల్సిన రహస్య కోడ్) ఇవ్వడమో, పుష్ చేయడమో. డొమైన్ వెళ్ళిందంటే సైటు వెళ్ళినట్టే, దాన్ని వెనక్కి తెచ్చుకోవడం మీ తరం కాదు. అది అయ్యాక సెర్చ్ కన్సోల్, అనలిటిక్స్, ఫేస్‌బుక్ పేజీ, యూట్యూబ్ ఛానల్ ఒక్కోటి ఆయన పేరు మీదకి మార్చి మీరు బయటికి రండి. యాడ్సెన్స్ ఖాతా మాత్రం అమ్మడానికి గానీ ఇంకొకరికి ఇవ్వడానికి గానీ వీల్లేదు. కొన్నవాళ్ళు వాళ్ళ సొంత ఖాతా కోడ్ పెట్టుకోవాలి, సైటులో యాడ్స్ ఎవరు అమ్మొచ్చో రాసి ఉండే యాడ్స్ డాట్ టీఎక్స్‌టీ ఫైల్లో మీ నంబరు తీసి వాళ్ళది పెట్టాలి. ఇది ముందే చెప్పండి, లేకపోతే "యాడ్సెన్స్ కూడా వస్తుందనుకున్నా" అని చివర్లో పేచీ.

ఓ నెల రోజులు ఫోన్లో సాయం చేస్తానని మాటిస్తే చాలు, అంతకు మించి రాసివ్వకండి. హోస్టింగ్ ఆటో రెన్యువల్‌లో మీ కార్డు ఉంటే అదే రోజు తీసేయండి. నేను మర్చిపోయాను. ఆగస్టులో, ఎవరూ వాడని పాత సర్వర్‌కి ఏడాది డబ్బు కట్ అయింది, దాన్ని వెనక్కి రప్పించుకోవడానికి కస్టమర్ కేర్‌తో పదకొండు మెయిళ్ళు నడిచాయి.