సానయంత్రం బెల్టు జారుతుంటే, బిగించే ముందు చూడవలసినవి

సానబెట్టే రత్నపు రాయిని చక్రానికి ఆనించగానే మోటారు మోత మారకుండానే చక్రం మందగించడం, కాస్త గట్టిగా అదిమితే చక్రం కీచుమని ఆగిపోవడం, బెల్టు కవరు కింద నల్లటి రబ్బరు పొడి రాలి ఉండటం. ఈ మూడింటిలో ఏ రెండు కనిపించినా సానయంత్రం బెల్టు జారుతోందని అనుకోవచ్చు. అప్పుడు దాదాపు అందరమూ చేసే మొదటి పని మోటారు బోల్టులు వదులు చేసి, మోటారును వెనక్కి జరిపి, బెల్టును బిగించడం. నిజానికి అది ఆఖరున చేయవలసిన పని. బెల్టు జారడానికి కారణం చాలాసార్లు బెల్టులో ఉండదు, అది తిప్పవలసిన వస్తువులో ఉంటుంది. కారణం తెలుసుకోకుండా బిగిస్తే ఆ భారమంతా బేరింగుల మీద పడుతుంది.

ఇక్కడ చెప్పేదంతా చిన్న పనిశాలల్లోనూ, ఇంటి దగ్గర రాళ్లు సానబెట్టుకునేవారి దగ్గరా ఎక్కువగా కనిపించే అమరికను ఉద్దేశించి చెబుతున్నాను: అర హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు, నిమిషానికి 1440 చుట్లు, ఏ సెక్షన్ (ఈ కొలత కింద చెబుతాను) వి-బెల్టు, అంటే అడ్డుకోతలో ‘వి’ ఆకారంలో ఉండే బెల్టు, రెండు బేరింగుల మీద తిరిగే 20 మి.మీ. షాఫ్టు, దాని కొసలకు 6 అంగుళాల చక్రాలు. కృష్ణా గోదావరుల గులకల్లో దొరికే అగేటునైనా, కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట గార్నెట్‌నైనా సానబెట్టడానికి ఈ యంత్రం చాలు. మీ యంత్రం కొలతలు వేరైనా పరీక్షించే వరుస మాత్రం ఇదే.

కవరు తీసే ముందు స్విచ్ ఆపడం ఒక్కటే చాలదు, ప్లగ్గును సాకెట్లోంచి పూర్తిగా లాగేయండి. మన ఇళ్లలో ఫేజు, న్యూట్రల్ తారుమారైన సాకెట్లు అరుదు కావు. అలాంటి చోట స్విచ్ ఆపినా మోటారు తీగల్లో కరెంటు ఉండవచ్చు. పైగా ఇది నీళ్లు చిమ్మే యంత్రం. దీని లైనుకు కరెంటు లీకైతే 30 మిల్లీ ఆంపియర్ల దగ్గరే లైను తెంచేసే ఆర్‌సీసీబీ స్విచ్ లేకపోతే, బెల్టు సంగతి తరువాత చూసుకుని ముందు దాన్ని పెట్టించుకోండి.

మొదట తేల్చుకోవలసింది అసలు జారుతున్నది బెల్టేనా అన్నది. పుల్లీ షాఫ్టు మీద జారినా, చక్రం తన నట్టు దగ్గర జారినా చూసేవారికి లక్షణం ఒకలాగే ఉంటుంది. ఒక సుద్దముక్క తీసుకుని మోటారు షాఫ్టు మీది నుంచి దాని పుల్లీ మీదికి ఒక గీత, చక్రం షాఫ్టు మీది నుంచి దాని పుల్లీ మీదికి ఒక గీత, చక్రాన్ని పట్టి ఉంచే ఫ్లాంజి మీది నుంచి చక్రం మీదికి మరొక గీత గీయండి. కవరు మళ్లీ బిగించి, యంత్రాన్ని నడిపి, ఒక నిమిషం పాటు రాయిని అదిమి ఉంచి, ఆపి, ప్లగ్గు తీసి గీతలను చూడండి. పుల్లీ దగ్గర గీత రెండుగా విడిపోయి ఉంటే దాన్ని షాఫ్టుకు అదిమి పట్టే గ్రబ్ స్క్రూ వదులైందని, లేదా రెండింటినీ కలిపి తిప్పే లోపలి కీ (చిన్న ఇనుప చీల) అరిగిపోయిందని అర్థం. ఫ్లాంజి దగ్గర విడిపోతే చక్రం నట్టు బిగించాలి. రెండు కొసల్లోనూ చక్రాలున్న షాఫ్టుకు ఒక కొసన ఎడమ మర (ఎడమకు తిప్పితే బిగిసేది) ఉంటుందని గుర్తుంచుకుంటే, బిగిస్తున్నామనుకుని విప్పేయకుండా ఉంటారు. మూడు గీతలూ చెక్కుచెదరకపోతేనే అనుమానం బెల్టు మీదికి రావాలి.

అప్పుడు కూడా బెల్టును బిగించకండి, తీసేయండి. బెల్టు లేకుండా చక్రాల షాఫ్టును చేత్తో తిప్పి చూడటం ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా విలువైన పరీక్ష. ఈ మాట నేను నష్టపోయి నేర్చుకున్నాను. నా యంత్రం బెల్టు జారడం మొదలైనప్పుడు ఒకే నెలలో మూడుసార్లు బిగించాను. బిగించిన ప్రతిసారీ నాలుగు రోజులు బాగానే నడిచి, మళ్లీ కీచుమనేది. నాలుగోసారి కొత్త బెల్టు కోసం బజారుకు వెళ్లి, అక్కడి లేత్ షాపులో ఒక పెద్ద మేస్త్రితో ఈ సంగతి చెప్పాను. ఆయన చేతిలో పని ఆపకుండానే, “బెల్టు తీసేసి చేత్తో తిప్పి చూశారా సార్?” అని అడిగారు. చూడలేదు. ఇంటికి వచ్చి తిప్పితే షాఫ్టు ముప్పావు చుట్టు తిరిగి, ఇసుకలో కూరుకున్నట్టు ఆగింది. చక్రం వైపు బేరింగు విప్పి పాత గుడ్డ మీద తడితే బూడిదరంగు ముద్ద ఊడిపడింది. అది గ్రీజు, నీళ్లు, రాతి పొడి కలిసి గట్టిపడిన బురద. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడింది. నేను బెల్టును బిగించిన కొద్దీ ఆ బురదలో తిరుగుతున్న గుండ్ల మీదే ఇంకా బరువు మోపాను. లోపలి రింగు మీద గుండ్ల దారి గుంటలు పడిపోయి ఉంది.

కాబట్టి చేత్తో తిప్పినప్పుడు షాఫ్టు మెత్తగా, చప్పుడు లేకుండా కొన్ని చుట్లు తిరిగి తానుగా ఆగాలి. మధ్యలో పట్టేసినా, గరగరమన్నా, చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊపితే కదలిక తెలిసినా, బేరింగులు మార్చవలసిందే. కొత్తవి కొనేటప్పుడు నంబరు ఒక్కటే చెబితే చాలదు. 20 మి.మీ. షాఫ్టుకు వచ్చే 6204 బేరింగు రెండు వైపులా రేకు మూతలతో జెడ్‌జెడ్ అనే గుర్తుతోనూ, రబ్బరు సీళ్లతో 2ఆర్‌ఎస్ అనే గుర్తుతోనూ దొరుకుతుంది. రేకు మూతకు, లోపలి రింగుకు మధ్య సన్నని సందు ఉంటుంది. దుమ్మును కొంత ఆపగలదు గాని రాతినీళ్లను ఆపలేదు. సానయంత్రానికి రబ్బరు సీళ్లవే పెట్టాలి. దానితోపాటు చక్రానికి, బేరింగుకు నడుమ షాఫ్టు మీద బిగుతుగా కూర్చునే ఒక రబ్బరు బిళ్లను తొడగండి. పాత టైరు ట్యూబు నుంచి కత్తిరించినదైనా సరే. షాఫ్టు వెంబడి పాకే నీరు ఆ బిళ్ల అంచుకు చేరి, తిరుగుడు వేగానికి బయటికి చిమ్మిపోతుంది, బేరింగు దాకా రాదు.

షాఫ్టు బాగానే తిరుగుతోందంటే, చేతిలో ఉన్న బెల్టును వెలుతురులో పరీక్షగా చూడండి. పక్క గోడలు బొగ్గులాగా మసకగా ఉండాలి. అవి అద్దంలా నున్నబడి మెరుస్తుంటే బెల్టు జారి జారి కాలిందని అర్థం. అలాంటి బెల్టు ఎంత బిగించినా పట్టదు. లోపలి అంచున అడ్డంగా పగుళ్లు, ఒక వైపు మాత్రమే అరుగుదల, ఉబ్బి మెత్తబడిన చోట్లు, వీటిలో ఏది కనిపించినా కొత్తది కొనడమే మేలు. ఏ-40 అని రాసి ఉంటే అది ఏ సెక్షన్ బెల్టు, లోపలి చుట్టుకొలత 40 అంగుళాలు. ఏ సెక్షన్ అంటే పై వెడల్పు 13 మి.మీ., మందం 8 మి.మీ. దీని బదులు సన్నని బెల్టు వేస్తే అది పుల్లీ గాడి అడుగున కూర్చుంటుంది. వి-బెల్టు బలమంతా గాడి పక్కగోడల మధ్య ఇరుక్కోవడంలోనే ఉంది గనుక, అడుగుకు తగిలిన మరుక్షణం ఆ పట్టు పోతుంది.

పుల్లీ గాడిని కూడా అందుకే చూడాలి. గాడి అడుగున మెరుస్తున్న గీత ఉందంటే బెల్టు అక్కడ రాసుకుంటోందన్నమాట. గాడి పక్కగోడకు ఒక స్టీలు స్కేలు అంచును ఆనించి చూడండి. మధ్యలో గోడ గుంటలా అరిగి 0.8 మి.మీ. కన్నా ఎక్కువ సందు కనబడితే పుల్లీ మార్చాలి. అరిగిన పుల్లీలో కొత్త బెల్టు వేసినా అది పాతదాని దారే పడుతుంది. మరొక లోపం యంత్రం చేయించేటప్పుడే జరుగుతుంది. వేగం పెంచుకోవాలని చక్రం షాఫ్టుకు 50 మి.మీ. పుల్లీ వేయిస్తారు. ఏ సెక్షన్ బెల్టుకు 75 మి.మీ. కన్నా చిన్న పుల్లీ తగదు. బెల్టు అంత సన్నని వంపు తిరగలేక వేడెక్కుతుంది, పుల్లీని చుట్టుకునే భాగం తగ్గి జారుతుంది.

బెల్టు మీద నీరు, నూనె, రాతిబురద అంటి ఉంటే తడిగుడ్డను సబ్బునీటిలో ముంచి తుడిచి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. కిరోసిన్, పెట్రోలు వాడితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. పుల్లీ గాడులను కూడా తుడవడం మరచిపోకండి. తరువాత ఆ తడి ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టాలి. చక్రానికి, బెల్టు కవరుకు మధ్య అడ్డురేకు లేకపోవడం, నీటి కుళాయిని చుక్కలుగా కాక ధారగా వదలడం మామూలు కారణాలు. అయితే నీళ్లను మరీ తగ్గించడానికి మాత్రం వీల్లేదు. అగేటు, స్ఫటికం లాంటి సిలికా రాళ్ల పొడి గాలిలో కలిస్తే అది ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, ఆ జబ్బు ఒకసారి వస్తే తగ్గదు. బెల్టు తడవకూడదంటే అడ్డురేకు పెట్టాలి గాని పొడి రాయిని సానబెట్టకూడదు.

బెల్టు మీద గుగ్గిలం పొడి చల్లే అలవాటు ఒకటి ఉంది. పాత మిల్లుల్లోని చదునైన పట్టా బెల్టులకు అది పనికివచ్చేది. వి-బెల్టుకు మాత్రం హాని చేస్తుంది. జిగురు రాతిపొడిని పట్టుకుని గాడిలో గరుకు కాగితంలా పనిచేసి, బెల్టునూ పుల్లీనీ రెండింటినీ తినేస్తుంది. రెండు రోజులు కీచు శబ్దం ఆగుతుంది, అంతే.

ఇప్పుడు బెల్టు తొడగవచ్చు. పుల్లీ అంచు మీదుగా స్క్రూడ్రైవరుతో ఎక్కించకండి, లోపలి దారాలు తెగుతాయి. మోటారును ముందుకు జరిపి వదులుగా వేసి, తరువాత వెనక్కి లాగండి. రెండు పుల్లీల ముఖాల మీదుగా ఒక నూలుదారం బిగించి పట్టుకుంటే, పుల్లీల అంచు మందం ఒకటే అయినప్పుడు, అది నాలుగు చోట్లా ఒకేసారి ఆనాలి. ఆనకపోతే మోటారు వంకరగా కూర్చుందన్నమాట. బిగింపుకు లెక్క ఉంది. రెండు పుల్లీల మధ్య బెల్టు తిన్నగా వెళ్లే భాగాన్ని కొలిచి, ప్రతి 100 మి.మీ.కి 1.6 మి.మీ. చొప్పున, మధ్యలో బొటనవేలితో ఓ మోస్తరుగా నొక్కినప్పుడు కిందికి దిగాలి. 400 మి.మీ. దూరమైతే సుమారు ఆరున్నర మి.మీ. అసలు దిగకపోతే అతిగా బిగించారు. సరైన బిగింపు అంటే రాయిని మామూలుగా అదిమినప్పుడు జారకుండా ఉండే అతి తక్కువ బిగింపే.

ఇంతా చేశాక జారుడు నిజంగా పోయిందా అన్నది లెక్కతో తేల్చుకోవాలంటే నిమిషానికి ఎన్ని చుట్లో కాంతితో కొలిచే చిన్న టాకోమీటరు ఉంటే మంచిది. మోటారు పుల్లీ 90, చక్రం పుల్లీ 75 మి.మీ. అనుకుందాం. భారం మీద మోటారు 1420 చుట్లు తిరుగుతుంటే చక్రం 1704 తిరగాలి. 1670 చూపితే జారుడు రెండు శాతం, అది వి-బెల్టుకు సహజం. 1530 చూపితే పది శాతం, ఎక్కడో లోపం మిగిలే ఉంది. మోటారే 1300కు పడిపోతుంటే బెల్టు తప్పేమీ లేదు. కెపాసిటరు బలహీనపడిందేమో, వోల్టేజీ తక్కువగా ఉందేమో చూడాలి.

లెక్కలన్నీ సరిపోయి, పని చేసేటప్పుడే జారుతుంటే చక్రం మొద్దుబారిందేమో చూడండి. పదును పోయిన చక్రం రాయిని కోయదు, కోయకపోయేసరికి మనం తెలియకుండానే ఇంకా అదుముతాం. పూర్వం మన సానవారు కురువిందం అనే గట్టి ఖనిజం పొడిని కరిగిన లక్కలో కలిపి చక్రం చేసుకుని, విల్లు తాడును ఇరుసుకు చుట్టి లాగుతూ తిప్పేవారు. కొరండం అనే ఇంగ్లీషు మాట కూడా ఆ కురువిందం కుటుంబం నుంచి వెళ్లినదే. ఆ పద్ధతిలో రాయిని ఎంత అదుముతున్నారో తాడు లాగే చేతికే తెలిసేది. మోటారు వచ్చాక ఆ కబురు మనకు చేరేది బెల్టు ద్వారానే. సిలికాన్ కార్బైడ్ చక్రాన్ని డైమండ్ డ్రెస్సరుతో (చక్రం ముఖాన్ని చెక్కే వజ్రపు మొన పనిముట్టు) చెక్కి పదును తేవచ్చు. డైమండ్ పూత చక్రం మీద డ్రెస్సరు పెడితే పూతే ఊడిపోతుంది గనుక, నీళ్లు పోస్తూ మెత్తని డ్రెస్సింగ్ రాయిని తేలికగా ఆనిస్తే చాలు. నీలం, కెంపు లాంటి, మోస్ కాఠిన్య కొలమానంలో 9 గల రాళ్లను సిలికాన్ కార్బైడ్ మీద బలవంతంగా అదిమేకన్నా డైమండ్ చక్రానికి మార్చడం యంత్రానికీ రాయికీ మంచిది.

చివరిగా ఒక అగేటు ముక్కను రెండు నిమిషాలు మామూలు ఒత్తిడితో సానబెట్టి, యంత్రాన్ని ఆపి, ప్లగ్గు తీసి, కవరు విప్పి, చక్రం పుల్లీ మీద వేలు పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పని అయినట్టే. వేలు ఆనలేనంత వేడిగా ఉంటే మళ్లీ షాఫ్టును చేత్తో తిప్పే పరీక్ష దగ్గర మొదలుపెట్టండి. కొత్త బెల్టు మొదటి రోజు పనిలోనే కాస్త సాగి గాడిలో కుదురుకుంటుంది, కాబట్టి మరునాడు బొటనవేలి కొలత మరొకసారి చూసి, అవసరమైతే మోటారును ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనక్కి జరపండి.