కొత్త కార్డు పెట్టినా గేమ్ నత్తనడకేనా? ఆపరేటింగ్ సిస్టమ్, గ్రాఫిక్స్ కార్డు: సమస్య - పరిష్కారం

గేమింగ్ కంప్యూటర్ పాడైందని నన్ను పిలిచిన చాలాసార్లు, తీరా వెళ్లి చూస్తే పాడైన భాగమంటూ ఏదీ ఉండదు. గ్రాఫిక్స్ కార్డు (తెర మీది బొమ్మను తయారుచేసే భాగం) మంచిదే, ఆపరేటింగ్ సిస్టమ్ (విండోస్, లినక్స్ లాంటిది) మంచిదే, ఆ రెండిటికీ పొత్తు కుదరదు. లేదంటే ఆడాలనుకున్న గేముకీ వాటికీ కుదరదు. మనిషి మాత్రం కార్డు మీద పెట్టిన డబ్బంతా మట్టిలో కలిసిందని దిగులు పడుతుంటాడు. అందుకే లక్షణాల వారీగా రాస్తున్నాను. మీ కంప్యూటర్ ఏం చేస్తోందో ఆ శీర్షిక దగ్గరికి నేరుగా వెళ్లండి. ఇంకా ఏమీ కొననివాళ్లు మాత్రం ఓపిగ్గా మొత్తం చదవండి, ఎందుకంటే ఇందులో చాలా సమస్యలు కొనేముందే తప్పించుకోగలిగినవి.

కొత్త కార్డు పెట్టినా పాత వేగమే

ముందు కంప్యూటర్ వెనక్కి వెళ్లి కేబుల్ చూడండి. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డు పోర్టులో ఉంటే, తెర మీద బొమ్మ వచ్చేది ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ దారిలో. కార్డు పోర్టులు దానికి కిందగా, అడ్డంగా వరుసలో ఉంటాయి. కేబుల్ అందులో ఉండాలి. నాకు తమ్ముడి వరసయ్యే కుర్రాడు నెల రోజులు ఇలాగే ఆడాడు. కార్డు వాపసు పంపడానికి పెట్టెలో సర్దేశాక నాకు ఫోన్ చేశాడు. కేబుల్ మార్చడానికి పట్టింది అర నిమిషం.

కేబుల్ సరిగ్గానే ఉంటే రిఫ్రెష్ రేటు (తెర సెకనుకి ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క) చూడండి. 144 హెర్ట్జ్ మానిటర్‌ని కూడా విండోస్ 60 దగ్గర ఉంచేయడం మామూలే. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి మీరే పెంచాలి.

అప్పటికీ తేడా లేకపోతే అసలు పరీక్ష చేయండి. గేమ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో కార్డు ఎంత శాతం పనిచేస్తోందో గమనించండి. 95 పైన ఉంటే కార్డు తన శక్తంతా పెడుతోంది. ఇక సెట్టింగ్స్ తగ్గించాలి, లేదా ఇంకా పెద్ద కార్డు కావాలి. 50, 60 దగ్గర ఊగుతుంటే కార్డు ఖాళీగా ఎదురుచూస్తోందన్నమాట, దానికి పని అందించేది ప్రాసెసర్. ఇక్కడ చాలామంది ప్రాసెసర్ శాతం చూసి, "అది 40 శాతమే వాడుతోంది కదా" అనుకుంటారు. అది అన్ని కోర్ల సగటు. గేములో ముఖ్యమైన పని ఒకటి రెండు కోర్ల మీదే పడుతుంది కాబట్టి ఆ అంకెని నమ్మకండి. దానికన్నా నమ్మదగ్గ పరీక్ష ఉంది: రిజల్యూషన్ బాగా తగ్గించి చూడండి. ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే బొమ్మల లెక్క) పెరిగితే బరువు కార్డు మీద ఉంది. పెరగకపోతే ప్రాసెసర్ దగ్గరో ర్యామ్ దగ్గరో ఆగుతోంది.

ర్యామ్ అన్నాను కదా, ఒకే స్టిక్ ఉంటే అదే రకం ఇంకోటి వేసి రెండు చానెళ్లూ నడిచేలా చూడండి. బయోస్‌లో (సిస్టమ్ మొదలవకముందే తెరవగలిగే బోర్డు సెట్టింగ్స్‌లో) ర్యామ్‌ని దాని అసలు వేగంలో నడిపే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ప్రొఫైల్ ఆన్‌లో ఉందా అన్నదీ చూసుకోండి. 6000 అని రాసున్న డీడీఆర్5 ర్యామ్, ఆ ప్రొఫైల్ ఆన్ చేసేదాకా 4800 దగ్గరే నడుస్తుండవచ్చు.

సగటు వేగం బాగుంది, మధ్యమధ్యలో కుదుపులు

ఎక్కువమందిని వేధించేది ఇదే. కారణాలు నాలుగైదు ఉంటాయి. కుదుపు ఎప్పుడు వస్తోందన్నదే వాటిని వేరు చేస్తుంది.

ఒక చోటికి మొదటిసారి వెళ్లినప్పుడు కుదిపి, రెండోసారి అదే చోట కుదపకపోతే అది షేడర్లు (వెలుగు, రంగులు ఎలా గీయాలో కార్డుకి చెప్పే చిన్న ప్రోగ్రాములు) అప్పటికప్పుడు తయారవడం వల్ల. కార్డు మార్చినా పూర్తిగా పోదు. గేమ్ మొదట్లో షేడర్లు సిద్ధం చేస్తున్నానంటే తొందరపడి దాటేయకండి, పూర్తికానివ్వండి. డ్రైవర్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ ఆ పని మళ్లీ మొదలవుతుంది, కాబట్టి అప్‌డేట్ అయిన రోజు కుదుపులు చూసి కంగారు పడనక్కర్లేదు.

పావుగంట, ఇరవై నిమిషాలు హాయిగా నడిచి తర్వాత మెల్లగా వేగం పడిపోతే వేడి. కేస్ పక్క పలక తీసి ఆడి చూడండి. తేడా వస్తే గాలి చాలడం లేదు, ఫ్యాన్లు పెంచండి, దుమ్ము తుడవండి.

అలాకాక టెక్స్చర్లు (వస్తువుల పైన పరిచే బొమ్మలు) మసకగా వచ్చి ఆలస్యంగా తేరుకోవడం, కెమెరా గిరుక్కున తిప్పితే ఆగి కదలడం ఉంటే అది వీర్యామ్ చాలకపోవడం. కార్డు మీది మెమరీ నిండిపోగానే మిగతా సరుకు కంప్యూటర్ ర్యామ్‌లోకి పోతుంది. దాన్ని మళ్లీ కార్డునీ బోర్డునీ కలిపే పీసీఐ దారిలో తెచ్చుకోవాలి. ఆ దారి కార్డు సొంత మెమరీతో పోలిస్తే చాలా ఇరుకు. అందుకే సగటు ఎఫ్‌పీఎస్ అంకె అందంగా కనిపిస్తూనే ఆట మాత్రం ముళ్ల మీద నడిచినట్టు ఉంటుంది. పరిష్కారం: మిగతావి ముట్టుకోకుండా టెక్స్చర్ నాణ్యత ఒక్క మెట్టు దించండి. మెమరీ సరిపోయినంతవరకు టెక్స్చర్లు వేగాన్ని పెద్దగా తినవు, సరిపోని క్షణం నుంచే అన్నీ తినేస్తాయి.

కొనేవాళ్లకు ఇక్కడే ఓ హెచ్చరిక. ఒకే పేరుతో రెండు రకాల మెమరీ ఉన్న కార్డులు అమ్ముతున్నారు. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ రెండూ 8 జీబీలోనూ 16 జీబీలోనూ దొరుకుతాయి. పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉన్న పేరు చూసి తీసుకోకండి, చిన్నక్షరాల్లో ఉన్న జీబీ చూడండి. కొత్త పెద్ద గేములు ఎక్కువ సెట్టింగ్స్‌లో, నాలుగైదేళ్లు ఆడాలనుకుంటే 8 జీబీ కార్డు నేను ఎవరికీ చెప్పను. పాత గేములు, ఈ-స్పోర్ట్స్ గేములు మాత్రమే ఆడేవాళ్లకు అది చాలు.

పాత బోర్డు ఉన్నవాళ్లు ఇంకో మాట వినాలి. కొన్ని చవక కార్డులు ఆ పీసీఐ దారిలోని 16 లేన్లూ (వరసలూ) వాడవు. ఆర్‌టీఎక్స్ 4060కి ఎనిమిదే. 4 జీబీ మెమరీతో 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి నాలుగే. పీసీఐ 4.0 బోర్డులో అది ఎలాగోలా నెట్టుకొస్తుంది, 3.0 బోర్డులో ఆ ఇరుకు దారి సగానికి పడిపోతుంది. పాత బోర్డుకి చవక కార్డు జోడీ సహజమే అనిపిస్తుంది గానీ, ఎక్కువ దెబ్బ తగిలేది అక్కడే. ఇంటెల్ ఆర్క్ కార్డులదీ అలాంటి షరతే: బయోస్‌లో రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీనంతా ఒకేసారి అందుకునే వీలు) ఉండాలి, ఆన్‌లో ఉండాలి. అది లేని పాత బోర్డులో ఆర్క్ వేగం బాగా పడిపోతుంది.

గేమ్ అసలు తెరుచుకోదు

కార్డు ఎంత పెద్దదైనా గేమ్ గుమ్మం దగ్గరే ఆపేసే సందర్భాలివి. మొదటిది ఆపరేటింగ్ సిస్టమ్ వయసు. గేములు కొని ఆడే యాప్ స్టీమ్, 2024 జనవరి 1 నుంచి విండోస్ 7, 8, 8.1లకు మద్దతు ఆపేసింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి కొత్తగా కట్టే కంప్యూటర్‌కి విండోస్ ఎంచుకుంటే అది 11 అవ్వాలి.

రెండోది యాంటీ-చీట్, అంటే ఆటలో మోసాన్ని పట్టే ప్రోగ్రాం. విండోస్ 11లో వాలరంట్‌కి టీపీఎం 2.0 (కంప్యూటర్ రహస్య కీలు దాచే భద్రతా భాగం), సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌తోనే బూట్ అవనిచ్చే ఏర్పాటు) రెండూ ఉండాలి. బ్యాటిల్‌ఫీల్డ్ 6కీ సెక్యూర్ బూట్ తప్పనిసరి. చాలా బోర్డుల్లో టీపీఎం ఉంటుంది, ఆఫ్‌లో ఉంటుందంతే. బయోస్‌లో ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనీ, ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అనీ కనిపిస్తుంది.

అయితే సెక్యూర్ బూట్ కోసం సీఎస్‌ఎం (పాత పద్ధతిలో బూట్ అయ్యే వీలు) ఆఫ్ చేసేముందు ఒక్క క్షణం ఆగండి. విండోస్ ఉన్న డిస్క్ ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉంటే, సీఎస్‌ఎం తీసేయగానే కంప్యూటర్ బూట్ అవదు. నాకు ఒకసారి సరిగ్గా ఇదే జరిగింది. డిస్క్‌లోని ఫైళ్లన్నీ పోయాయేమోనని ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. నిజానికి ఏమీ పోదు, సీఎస్‌ఎం తిరిగి ఆన్ చేస్తే మళ్లీ బూట్ అవుతుంది. సరైన క్రమం ఇది: ముఖ్యమైన ఫైళ్లు వేరేచోట దాచుకోండి. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డిస్క్ ఏ పద్ధతిలో ఉందో చూసి, ఎంబీఆర్ అయితే విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ పనిముట్టుతో జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చండి. ఆ తర్వాతే బయోస్ జోలికి వెళ్లండి.

మూడోది కార్డు తరం. 2017 నాటి జీటీఎక్స్ 1080 టీఐకి 11 జీబీ మెమరీ ఉంది, పాత గేముల్లో ఇప్పటికీ దమ్మున్న కార్డు. కానీ రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారి లెక్కగట్టే) హార్డ్‌వేర్ లేదు. 2025లో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్‌కి ఆ హార్డ్‌వేర్ కనీస అర్హత. దీనికి సెట్టింగ్స్ తగ్గించడం లాంటి చిట్కాలేవీ లేవు. సెకండ్‌హ్యాండ్ కార్డు చూసేవాళ్లు వేగం ఒక్కటే కాదు, తరం కూడా చూడాలి. ఆర్‌టీఎక్స్ 20, ఆర్‌ఎక్స్ 6000 వరసల నుంచి ఆ హార్డ్‌వేర్ ఉంది.

లినక్స్ వేశాక కొన్ని గేములు ఆడుతున్నాయి, కొన్ని ఆడట్లేదు

లినక్స్ మీద నాకు ప్రేమ ఉంది కాబట్టి నిజమే చెబుతాను. 2018లో స్టీమ్ కంపెనీ వాల్వ్, విండోస్ గేముల్ని లినక్స్‌లో నడిపే ప్రోటాన్ తెచ్చాక ఒంటరిగా ఆడే గేముల్లో అత్యధికం ఏ తంటా లేకుండా నడుస్తున్నాయి. విండోస్ గేములు కార్డుకి పని చెప్పే డైరెక్ట్ఎక్స్ పిలుపుల్ని అది లినక్స్‌కి తెలిసిన వల్కన్‌లోకి మారుస్తుంది. కానీ ఆన్‌లైన్ పోటీ గేముల యాంటీ-చీట్ దగ్గర ఆ వంతెన ఆగిపోతుంది. ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్‌ఐ ప్రోటాన్‌తో పనిచేయగలవు, గేమ్ తయారీదారు అనుమతిస్తేనే. ఫోర్ట్‌నైట్‌కి ఆ అనుమతి లేదు. వాలరంట్ నడవదు. ఏపెక్స్ లెజెండ్స్ 2024 అక్టోబర్ దాకా నడిచి ఆగిపోయింది. మీ స్నేహితులంతా రోజూ ఆడేది వీటిలో ఒకటైతే విండోస్ ఉంచుకోండి, కావాలంటే లినక్స్‌కి వేరే ఎస్‌ఎస్‌డీ పెట్టుకోండి. సిస్టమ్ కోసం ఇష్టమైన ఆట మానుకోవడమంటే చెప్పుకు తగ్గట్టు కాలు కోసుకోవడమే.

గేమ్ నడవాల్సిందే అయినా నడవకపోతే అది ఏ డిస్క్‌లో ఉందో చూడండి. విండోస్ వాడిన ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్ నుంచే ప్రోటాన్ గేములు నడపాలని చూస్తే మొరాయిస్తాయి. గేముల లైబ్రరీని లినక్స్ సొంత పద్ధతి ఈఎక్స్‌టీ4లో ఉన్న డ్రైవ్‌లోకి మార్చండి.

ఎన్‌విడియా డ్రైవర్ వేశాక తెర తక్కువ రిజల్యూషన్‌లో ఇరుక్కుపోతే, చాలాసార్లు కారణం సెక్యూర్ బూట్. సంతకం లేని మాడ్యూల్‌ని (డ్రైవర్ ముక్కని) కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) లోపలికి రానివ్వదు. డ్రైవర్ వేసేటప్పుడు అడిగిన పాస్‌వర్డ్‌ని రీబూట్‌లో వచ్చే నీలి తెర మీద ఇచ్చి కీ నమోదు చేయాలి. ఆ తెర కాసేపే ఉంటుంది, చాలామంది గమనించకుండా దాటేస్తారు. ఆర్‌టీఎక్స్ 50 వరసకైతే ఓపెన్ కెర్నల్ మాడ్యూళ్లున్న డ్రైవరే వేయాలి, పాత రకం పనిచేయదు.

ఏఎండీకి విడిగా డ్రైవర్ అక్కర్లేదు, కెర్నల్‌లోనూ, మీసా అనే గ్రాఫిక్స్ లైబ్రరీలోనూ ఉంటుంది. లినక్స్ ఖాయమనుకున్నవాళ్లకు నేను ఏఎండీనే చెబుతాను. దానిలోనూ చిక్కు ఒకటుంది: సిస్టమ్ కన్నా కార్డు కొత్తదైతే గుర్తుపట్టదు. ఉబుంటు 24.04 అనే లినక్స్ మొదట వచ్చింది 6.8 కెర్నల్‌తో, ఆర్‌ఎక్స్ 9070 వచ్చింది 2025 మార్చిలో. అలాంటప్పుడు కొత్త కెర్నల్, కొత్త మీసా ఉన్న లినక్స్ రకం వేయండి. టీవీకి కలిపి 4కే 120 ఆడాలనుకునేవాళ్లు మాత్రం జాగ్రత్త. ఏఎండీ ఓపెన్ డ్రైవర్‌లో అందుకు కావలసిన హెచ్‌డీఎంఐ 2.1 చేర్చడానికి హెచ్‌డీఎంఐ ఫోరం 2024లో ఒప్పుకోలేదు. మానిటర్‌కైతే డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వాడితే ఈ బెంగ లేదు.

ఆట మధ్యలో తెర నల్లబడుతుంది, లేదా కంప్యూటర్ ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది

తెర మాత్రమే నల్లబడి మళ్లీ వస్తే ముందు డ్రైవర్‌ని అనుమానించండి. ముఖ్యంగా ఒక కంపెనీ కార్డు తీసి ఇంకో కంపెనీది పెట్టినప్పుడు. సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే పనిముట్టుతో పాతది పూర్తిగా తుడిచి కొత్తది వేయండి.

మొత్తం కంప్యూటరే ఆరిపోతే పవర్ సప్లై. స్లాట్ నుంచి 75 వాట్లు, ఒక్కో 8-పిన్ కనెక్టర్ నుంచి 150 వాట్లు అందుతాయి. ఆర్‌టీఎక్స్ 4060కి 115 వాట్లు చాలు, ఆర్‌టీఎక్స్ 5090కి 575 కావాలి. రెండు కనెక్టర్లు అడిగే కార్డుకి ఒకే కేబుల్‌కున్న రెండు కొసలూ గుచ్చకండి, పీఎస్‌యూ (పవర్ సప్లై) నుంచి రెండు విడి కేబుళ్లు లాగండి. కొత్త 16-పిన్ కనెక్టర్ అయితే చివరిదాకా దిగిందో లేదో టార్చి వేసి చూడండి. సగం దిగిన కనెక్టర్ వేడెక్కి కరిగిన సంఘటనలు 2022లో ఆర్‌టీఎక్స్ 4090 వచ్చినప్పటి నుంచీ ఉన్నాయి. కాలిన వాసన వస్తే ఇంకో ప్రయత్నం చేయకండి, వెంటనే స్విచ్ కట్టేయండి.

ఇంకా ఏమీ కొనలేదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు

కార్డుతో మొదలుపెట్టకండి. మీరు నిజంగా ఆడే అయిదారు గేముల పేర్లు కాగితం మీద రాయండి. అందులో లినక్స్‌ని అనుమతించని యాంటీ-చీట్ ఉన్నది ఒక్కటున్నా విండోస్ 11. ఏదీ లేకపోతే ఒక్కో పేరు ప్రోటాన్‌డీబీలో (ఏ గేమ్ ప్రోటాన్‌లో ఎలా నడుస్తుందో చెప్పే సైట్‌లో) వెతికి, లినక్స్ సంగతి అప్పుడు తేల్చుకోండి. తర్వాత మానిటర్: 1080పీ తెరకి 4కే కార్డు కొంటే ఆ శక్తంతా వృథా. కార్డు మోడల్ ఖాయమయ్యాక దాని పొడవు మిల్లీమీటర్లలో చూసి, కేస్‌లో ముందు ఫ్యాన్ నుంచి వెనక పలక దాకా టేపు పెట్టి కొలవండి. పీఎస్‌యూ దగ్గర కావలసిన కనెక్టర్లు ఎన్ని ఉన్నాయో చేత్తో పట్టుకుని లెక్కపెట్టండి. ఇవన్నీ కుదిరిన రోజున ఆర్డర్ పెట్టండి.