లారీ ప్రమాదంలో గాయపడితే నష్టపరిహారం ఎలా రాబట్టుకోవాలి?

కాజ టోల్‌గేటు దగ్గరో, గొల్లపూడి సెంటర్లోనో లారీ గుద్దిందని ఫోన్ రాగానే ఇంట్లోవాళ్లంతా ఆసుపత్రికి పరుగెడతారు. కాసేపటికి లారీ ఓనరు తరఫు మనిషి కూడా అక్కడికే వస్తాడు. "కోర్టుల చుట్టూ ఎక్కడ తిరుగుతారండీ, ఖర్చులకు ఈ ఇరవై వేలు ఉంచుకోండి" అంటూ ఓ కాగితం మీద సంతకం అడుగుతాడు. దయచేసి ఆ సంతకం పెట్టకండి. తప్పు లారీదైతే చికిత్స ఖర్చుకీ, పోయిన సంపాదనకీ, మిగిలిపోయిన వైకల్యానికీ పరిహారం అడిగే హక్కు మోటారు వాహనాల చట్టం మీకిచ్చింది. దాన్ని రాబట్టుకోవాలంటే మొదటి కొద్ది రోజుల్లో పుట్టే కాగితాలు సరిగ్గా ఉండాలి.

1. ఆసుపత్రిలో మొదటి చీటీ సరిగ్గా రాయించండి

108కి ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా పనిచేస్తుంది. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం ప్రకారం, గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా వైద్యం చేయాలి. చేర్చేటప్పుడే ఆ సంగతి అడగండి.

క్యాజువాల్టీలో డాక్టరు "దెబ్బ ఎలా తగిలింది?" అని అడిగి రాసుకుంటారు. కంగారులో ఎవరో "బండి మీద నుంచి పడ్డాడండీ" అంటారు. అదే రికార్డులోకి ఎక్కుతుంది. రెండేళ్ల తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు ఆ ఒక్క వాక్యం చూపించి, అసలు లారీయే లేదని వాదిస్తాడు. కాబట్టి లారీ గుద్దిందని, తెలిస్తే నంబరుతో సహా చెప్పండి. మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన కేసుగా నమోదు చేయించండి. గాయాల సర్టిఫికెట్ తర్వాత దాన్నిబట్టే వస్తుంది.

2. ఎఫ్ఐఆర్ ఆలస్యం చేయకండి

ప్రమాదం మంగళగిరి పరిధిలో జరిగి, మనిషి విజయవాడ ఆసుపత్రిలో ఉంటే "మా పరిధి కాదు" అనే మాట వినిపించవచ్చు. ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ కట్టించవచ్చు, కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఆలస్యం తప్పకపోతే కారణం ఫిర్యాదులోనే రాయండి.

స్పాట్‌కు వెళ్లగలిగినవాళ్లు ఫోన్లో ఫొటోలు తీయాలి. ట్రెయిలర్ లారీ అయితే ముందు ఇంజిన్ బండికి ఒక నంబరు, వెనక ట్రెయిలర్‌కి మరో నంబరు ఉంటాయి. రెండూ కావాలి. రోడ్డు పక్కన లైట్లు, రిఫ్లెక్టర్లు లేకుండా ఆపిన లారీని వెనక నుంచి గుద్దుకున్నా, తప్పంతా మీదేనని అనుకోకండి. అలా ఆపడం కూడా నిర్లక్ష్యమే. అక్కడ హెచ్చరిక గుర్తు ఏదీ లేదని ఫొటోలో కనబడాలి. టోల్‌గేటు, పెట్రోలు బంకు సీసీ కెమెరాల ఫుటేజీ కొన్నాళ్లకు చెరిగిపోతుంది. దాన్ని తీసుకోమని పోలీసులకు వెంటనే రాసివ్వండి.

గుద్దిన లారీ ఏదో తెలియకపోతే దారి వేరే. మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి. రెవెన్యూ అధికారులకు దరఖాస్తు పెట్టుకోవాలి.

3. ఎవరి మీద వేయాలో తేల్చుకోండి

డ్రైవరు, ఆర్‌సీలో పేరున్న ఓనరు, ఇన్సూరెన్స్ కంపెనీ, ముగ్గురినీ చేర్చాలి. లారీ ఎప్పుడో అమ్మేశానని ఓనరు చెప్పినా, ఆర్‌సీలో పేరు మారకపోతే బాధ్యత అతనిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇన్సూరెన్స్ నడుస్తోందో లేదో ఎం పరివాహన్ యాప్‌లో చూసుకోవచ్చు. డ్రైవరుకు సరైన లైసెన్స్ లేదని కంపెనీ అంటే కంగారు పడకండి. ముందు బాధితుడికి చెల్లించి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని ఈ పరిహారం కేసులు విచారించే ట్రిబ్యునళ్లు చాలాసార్లు ఆదేశిస్తాయి.

గుంటూరు వైపు ఒక విషయం గట్టిగా చెప్పాలి. సరుకు లారీలో ఊరికే ఎక్కి ప్రయాణించేవాళ్లకు ఆ లారీ ఇన్సూరెన్స్ సాధారణంగా వర్తించదు. పంటతో పాటు మిర్చి యార్డుకు వచ్చే రైతు మాత్రం సరుకు సొంతదారుగా చట్టం రక్షణలో ఉంటాడు. సరుకు తనదేనని చూపే చీటీ జేబులో ఉండాలి. డ్రైవరు, క్లీనరు గాయపడితే ఉద్యోగుల పరిహార చట్టం కిందైనా, మోటారు వాహనాల చట్టం కిందైనా వెళ్లవచ్చు. రెండూ కుదరవు.

4. ఆరు నెలల్లో పిటిషన్ వేయండి

2022 ఏప్రిల్ నుంచి, ప్రమాదం జరిగిన నాటినుంచి ఆరు నెలల గడువు అమల్లోకి వచ్చింది. చికిత్స పూర్తయ్యాక చూద్దాంలే అనుకోకండి. ప్రమాదం జరిగిన చోటే కాదు, మీరుండే చోటున్న ట్రిబ్యునల్లో కూడా వేయవచ్చు. ఒంగోలు దగ్గర దెబ్బ తగిలినా గుంటూరు వాసి గుంటూరులోనే వేసుకోవచ్చు.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద లారీ తప్పు నిరూపించి పూర్తి పరిహారం అడగవచ్చు. సెక్షన్ 164 కింద తప్పు నిరూపించనక్కర్లేదు, కానీ మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలే వస్తాయి. వైకల్యం మిగిలితే 166 వైపే చూడాలి. వచ్చిన దాంట్లో ఇంత వాటా అని ఆసుపత్రిలోనే బేరం పెట్టే బ్రోకర్లను నమ్మవద్దు. లాయరుకైనా అలా వాటా తీసుకునే వీలు నిబంధనల్లో లేదు. ఫీజు కట్టలేనివాళ్లు 15100కి ఫోన్ చేసి ఉచిత న్యాయ సహాయం అడగండి.

5. వైకల్యాన్ని మీ పనితో కలిపి చూపించండి

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. ఒక ఉదాహరణ. మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీ, వయసు 38, నెలకు 15 వేలు. కాలులో రాడ్ వేశారు. డాక్టరు 25 శాతం వైకల్యం అని రాశారు. ఏడాది సంపాదన 1,80,000. భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 2,52,000. దాన్ని వయసును బట్టి ఒక గుణకంతో హెచ్చిస్తారు, ఆ వయసుకు అది 15. 25 శాతం లెక్కన వచ్చేది 9,45,000. కానీ ఇక టిక్కీ ఎత్తలేని హమాలీకి పోయింది పావు వంతు సంపాదనేనా? వైకల్యం శాతాన్ని కాకుండా, అది ఆ మనిషి సంపాదనను ఎంత దెబ్బతీసిందో చూడాలని 2010లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ట్రిబ్యునల్ 60 శాతం నష్టం అని ఒప్పుకుంటే అదే లెక్క 22,68,000 అవుతుంది. వైద్య ఖర్చులు, నొప్పికి, అటెండెంటుకు పరిహారం వేరే.

అందుకే సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరు చేత సాక్ష్యం చెప్పించండి. ఏ పని చేయలేరో ఆయన నోట రావాలి. జీతం స్లిప్పు లేనివాళ్లు బ్యాంకు పాసుపుస్తకం, ఫోన్‌పే లావాదేవీలు, హమాలీ లైసెన్స్, మేస్త్రీ సాక్ష్యం, ఏది ఉంటే అది పెట్టాలి. మందుల బిల్లులు, ఎక్స్‌రేలు పారేయకండి.

6. లోక్ అదాలత్‌లో రాజీకి ముందు

మధ్యలో కంపెనీ రాజీకి రావచ్చు. చేతికి త్వరగా డబ్బొస్తుంది కాబట్టి అది మంచి దారే. అయితే లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు. పైన చూపిన లెక్క మీ సంపాదనతో, మీ వయసు గుణకంతో వేసి, ఆ కాగితం చేతిలో పెట్టుకుని కూర్చోండి. హెల్మెట్ లేదనో, ముగ్గురు ఎక్కారనో ఎంత తగ్గిస్తున్నారో అడగండి. మరో ఆపరేషన్ ఉంటే, రాడ్ తీసే ఖర్చు కూడా అందులో కలిపారో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టండి.