పగడపు దిబ్బ ఆరోగ్యాన్ని టేపుతో కొలవడం ఎలా?

తెల్లబారిన పగడాన్ని చచ్చినదిగా రాసేయడం దిబ్బల సర్వేల్లో పదేపదే కనబడే తప్పు. ఎండాకాలంలో సగం దిబ్బ పోయిందని నివేదిక రాస్తారు. నీరు చల్లబడ్డాక వెళ్లి చూస్తే, వాటిలో చాలా పగడాలు మళ్ళీ రంగు తేలి ఉంటాయి. పగడపు దిబ్బలను సర్వే చేయించే రీఫ్ చెక్ సంస్థ అనేక దేశాల్లో వాడిస్తున్న బిందు పద్ధతిని (టేపు వెంట సమాన దూరాల్లో కింద ఏముందో రాసుకునే పద్ధతి) శ్రద్ధగా పాటిస్తే ఈ పొరపాటు చాలావరకు తప్పుతుంది.

సామగ్రి, అనుమతి

100 మీటర్ల ఫైబర్ టేపు, తెల్లటి ప్లాస్టిక్ పలక, పెన్సిలు, చిన్న నట్టు కట్టిన దారం, పగడం ఎంత పాలిపోయిందో పోల్చి చూసే కోరల్‌వాచ్ రంగుల అట్ట ఉంటే చాలు. ఒంటికి సన్‌స్క్రీన్ పూసుకోవద్దు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. తూత్తుకుడి, రామేశ్వరాల మధ్య మన్నార్ సింధుశాఖలోని 21 దీవులు సముద్ర జాతీయ ఉద్యానవనం కిందికి వస్తాయి కాబట్టి, అటవీశాఖ అనుమతి చేతికి రాకుండా పడవ ఎక్కకండి. రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి. విరిగిన ముక్కనైనా ఇంటికి తేకూడదు.

టేపు పరచడం

ఒకే లోతులో, తీరానికి సమాంతరంగా టేపు పరచండి. అందమైన పగడం కనబడిందని టేపును అటు వంచారంటే ఆ రోజు లెక్క పనికిరాదు. 20 మీటర్ల చొప్పున నాలుగు భాగాలు, వాటి మధ్య 5 మీటర్ల ఖాళీ ఉండాలి. ప్రతి అర మీటరుకు ఒక బిందువు చొప్పున భాగానికి 40, మొత్తం 160 బిందువులు వస్తాయి. ప్రతి బిందువు దగ్గరా నట్టును జారవిడిచి, అది తగిలిన దాన్నే రాయాలి. పక్కనున్న పెద్ద పగడం ఎంత ఊరించినా దాన్ని రాయకూడదు.

కొందరు ఫోటోలు తీసి ఇంటి దగ్గర లెక్కించుకుంటామంటారు. నేను ఒప్పుకోను. కెమెరాలో వెలుతురు కాస్త ఎక్కువైతే లేత గోధుమరంగు పగడం కూడా తెల్లగా పడుతుంది. పైగా కొమ్మ కింద దాక్కున్న, పగడాన్ని తినే నత్త ఫోటోలో కనబడదు.

తెలుపును చదవడం

ఇక్కడ తొందర పనికిరాదు. సముద్రపు నీరు ఆ ప్రాంతపు అత్యంత వేడి నెల సగటును సుమారు 1 డిగ్రీ సెల్సియస్ మించి కొన్ని వారాలు నిలిస్తే, పగడం తన కణజాలంలో ఉండి రంగునిచ్చే సూక్ష్మ శైవలాలను (కంటికి కనబడని నాచును) కోల్పోతుంది. రంగు పోయినా ప్రాణం మాత్రం ఉంటుంది. ముఖాన్ని జానెడు దూరానికి తెచ్చి చూడండి: బతికున్న పగడం మీద పారదర్శకమైన జిగురు పొర మెరుస్తుంది, గుంటల్లో పాలిప్‌లు, అంటే పగడాన్ని కట్టే చిన్న జీవులు, ఉంటాయి. అప్పుడే చచ్చిన దానిలో గుంటల అంచులు పదునుగా, లోపల ఖాళీగా ఉంటాయి. కొద్ది రోజుల్లోనే దాని మీద పలుచని ఆకుపచ్చ నాచు చేరుతుంది. అనుమానం తీరకపోయినా వేలితో తాకకండి. చేత్తో నీటిని మెల్లగా విసిరి, పైనున్న ఇసుక తొలగాక మళ్ళీ చూడండి.

తెల్లగా ఉన్నదంతా వేడి వల్ల తెల్లబారినది కాదు. కొమ్మ పగడాల కొనలు వేగంగా పెరుగుతూ సహజంగానే తెల్లగా ఉంటాయి కాబట్టి, రంగుల అట్టతో పోల్చేటప్పుడు కొనలను వదిలేయండి. ముళ్ల కిరీటం నక్షత్ర చేప మేసిన చోట స్పష్టమైన అంచుతో తెల్లని మచ్చ మిగులుతుంది. కొమ్మల మొదట్లో చిన్న నత్తల గుంపు ఉంటే అది పగడాన్ని తినే డ్రుపెల్లా నత్తల పని. చిలుక చేప కొరికితే గీతల్లాంటి గాట్లు పడతాయి. బండలాంటి పగడాల్లో ఎండ తగిలే పైభాగం పాలిపోయి, కింది భాగం గోధుమరంగులోనే ఉంటే వేడిని అనుమానించాలి. ఏది చూశారో పలక మీద అక్కడికక్కడే రాయండి, పడవ ఎక్కాక గుర్తు తెచ్చుకుని రాసింది నమ్మదగదు.

లెక్క

తెల్లబారినా బతికున్న పగడాన్ని జీవపగడం కిందే లెక్కించి, తెల్లబారినదని పక్కన వేరే గుర్తు పెట్టాలి. ఒక భాగంలో 40 బిందువులకు 18 చోట్ల జీవపగడం తగిలితే అది 45 శాతం. నాలుగు భాగాల శాతాలనూ విడివిడిగా రాశాకే సగటు తీయండి. సగటు ఒక్కటే ఇస్తే ఒక మూల పూర్తిగా పోయిన సంగతి దాగిపోతుంది. పరచిన చోటును జీపీఎస్‌తో నమోదు చేసుకుని, నీరు చల్లబడిన రెండు మూడు నెలల తరువాత అక్కడే టేపు మళ్ళీ పరచండి. తెల్లబారిన వాటిలో ఎన్ని చచ్చాయో ఆ రెండో కొలత అయ్యాకే నివేదికలో రాయాలి.