టార్చిలైటు బల్బు త్వరగా పోతోందా? మాడిన బల్బులోనే కారణం ఉంటుంది

ఫిలమెంటు బల్బు తరచూ పోతుంటే చాలామంది కొత్తది బిగించి పాతది పారేస్తారు. పారేయకండి. దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, వీలైతే భూతద్దంతో, గాజు రంగునూ ఫిలమెంటు తెగిన తీరునూ చూడండి. ఎందుకు పోయిందో చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ముందుగా ఒక సంగతి. చిన్న సెల్స్ నుంచి తెల్లటి వెలుగు రాబట్టాలంటే ఫిలమెంటు బాగా కాలాలి. అందుకే ఈ బల్బుల ఆయుష్షు తక్కువ. రెండు పెద్ద సెల్స్‌కు వాడే పీఆర్2 బల్బు (మర లేకుండా ఇత్తడి అంచుతో కూర్చునే పీఆర్ రకం; 2.38 వోల్టులు, 0.5 ఆంపియర్) ఆయుష్షు సుమారు 15 గంటలే. రోజూ అరగంట వెలిగించే బల్బు నెలకు పోతే అది నాసిరకం బల్బు కాదు. నాలుగైదు గంటలకే పోతుంటేనే కారణం వెతకాలి.

గాజు లోపల నల్లగా, మెరుస్తూ పూత కట్టింది

ఫిలమెంటులోని టంగ్‌స్టన్ ఆవిరై గాజుకు అంటిన గుర్తు ఇది. బాగా వాడిన బల్బులో సహజమే. కొత్త బల్బు ఇలా నల్లబడితే వోల్టేజి ఎక్కువైందని అర్థం. తెగిన కొసలు కరిగి చిన్న గుండ్లలా కనిపిస్తే అనుమానం ఇంకా బలపడుతుంది.

ఎక్కువ బల్బులు పోయేది ఇక్కడే. వోల్టేజి పెరిగితే వెలుగు కొంచెం పెరుగుతుంది, ఆయుష్షు మాత్రం ఘోరంగా పడిపోతుంది: సుమారుగా వోల్టేజి 12వ ఘాతానికి విలోమంగా. 10 శాతం ఎక్కువిస్తే వెలుగు 38 శాతం పెరిగి, ఆయుష్షు మూడో వంతుకు వస్తుంది. 10 శాతం తగ్గిస్తే వెలుగు 30 శాతం తగ్గి, ఆయుష్షు మూడున్నర రెట్లవుతుంది.

రెండు సెల్స్ అంటే 3 వోల్టులు కదా, బల్బు మీద 2.5 అని ఎందుకు ఉంటుంది? కరెంటు లాగినప్పుడు సెల్ లోపలి నిరోధం కొంత వోల్టేజిని మింగేస్తుంది. మామూలు జింక్ కార్బన్ సెల్‌లో ఈ నష్టం ఎక్కువ, ఆల్కలైన్‌లో తక్కువ. ఇన్నాళ్లూ జింక్ సెల్స్ వేసిన టార్చిలో కొత్త ఆల్కలైన్ వేస్తే, 2.5 వోల్టుల బల్బుకు వెలిగే సమయంలో 2.85 దాకా అందవచ్చు. అంటే 14 శాతం ఎక్కువ. ఆయుష్షు ఐదో వంతు. సెల్స్ మంచివి వేశాక బల్బులు పోవడం మొదలైందంటే కారణం ఇదే.

ఇక చూడాల్సినవి:

- బల్బు ఇత్తడి అంచు మీది అంకెలు. రెండు సెల్స్‌కు 2.5 వోల్టులు (పీఆర్ రకమైతే పీఆర్2), మూడింటికి 3.8 (పీఆర్3, 3.57 వోల్టులు), నాలుగింటికి పీఆర్13 (4.75 వోల్టులు). మూడు సెల్స్ టార్చిలో 2.5 వోల్టుల బల్బు పెడితే మొదట కళ్లు చెదిరేలా వెలిగి, కాసేపటికే పోతుంది.
- బల్బు వెలుగుతుండగా దాని కొనకూ ఇత్తడి ఒంటికీ మధ్య వోల్టేజి కొలవండి. బల్బు వెలగనప్పుడు సెల్‌ను కొలిచిన అంకె ఇక్కడ పనికిరాదు. రాసినదానికి 5 శాతం లోపు తేడా ఉంటే పర్వాలేదు.
- లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్న ఛార్జింగ్ లైటును ఛార్జింగులో ఉండగా వెలిగించకండి. 4 వోల్టుల బ్యాటరీ ఛార్జింగు చివర్లో 4.8 దాకా వెళ్తుంది.

సరైన బల్బు వేసినా వోల్టేజి ఎక్కువే ఉంటే, 0.3 ఆంపియర్ బల్బుకు వరుసలో 1 ఓమ్, పావు వాట్ రెసిస్టర్ ఒకటి టంకం వేయండి. 0.3 వోల్టు తగ్గుతుంది. స్విచ్ వేసిన క్షణంలో దూకే కరెంటు కూడా దాదాపు సగానికి వస్తుంది. వెలుగు కొంత తగ్గినా ఈ మార్పు చేయదగ్గదే.

గాజు తేటగా ఉంది, ఫిలమెంటు తెగింది

దెబ్బ తగిలింది. కొన్ని గంటలు వెలిగిన టంగ్‌స్టన్‌లో స్ఫటికాలు పెరిగి, చల్లగా ఉన్నప్పుడు పెళుసుగా మారుతుంది. ఆర్పిన టార్చి కింద పడితే టక్కున విరుగుతుంది. వెలుగుతుండగా పడితే మరో ప్రమాదం. మెత్తబడిన చుట్లు ఒకదానికొకటి తగిలి నిరోధం తగ్గుతుంది. బల్బు అంతకుముందుకన్నా తెల్లగా వెలిగి, త్వరలోనే పోతుంది. పడ్డాక వెలుగు పెరిగిందంటే కొత్త బల్బు దగ్గర పెట్టుకోండి.

దెబ్బేమీ లేకుండా స్విచ్ వేయగానే తెగితే, ఫిలమెంటులో ఒకచోట అప్పటికే సన్నబడిందన్నమాట. చల్లటి ఫిలమెంటు నిరోధం వేడిగా ఉన్నప్పటి దానిలో పదో వంతే. మొదటి క్షణం కరెంటు ఉధృతంగా వచ్చి, ఆ సన్నటి చోటే ముందుగా మాడుతుంది. స్విచ్‌ను తప్పుపట్టనక్కర్లేదు.

లోపల తెల్లటి లేదా పసుపు పొడి

గాలి చొరబడింది, టంగ్‌స్టన్ ఆక్సైడ్ అయింది. వెలిగించిన మొదటి క్షణాల్లోనే ఇలా అవుతుంది. మర బల్బును గాజు పట్టుకుని తిప్పినా, పట్టకారుతో బిగించినా అతుకు దగ్గర పగులుతుంది. ఇత్తడి భాగాన్నే పట్టి తిప్పండి. హాలోజన్ బల్బైతే గాజును వేళ్లతో అసలు తాకవద్దు. తాకితే స్పిరిట్‌తో తుడవాలి.

బల్బు వెలగదు, ఫిలమెంటు మాత్రం బాగుంది

మల్టీమీటర్‌తో చూడండి. చల్లటి మంచి బల్బు 1 ఓమ్ కంటే తక్కువ చూపిస్తుంది. అది షార్ట్ కాదు, ఆ బల్బును పారేయకండి. లోపం కాంటాక్టుల్లో ఉంది. కొనమీది టంకం స్ప్రింగు ఒత్తిడికి అణిగిపోయి ఉంటే కొత్త చుక్క వేయండి. స్ప్రింగు మీద చిలుము ఉంటే, కారింది ఆల్కలైన్ సెల్ అయితే వెనిగర్‌తో, జింక్ సెల్ అయితే వంటసోడా నీళ్లతో తుడిచి, తర్వాత మంచినీళ్లతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. గరుకు కాగితంతో గట్టిగా రుద్దితే నికెల్ పూత పోయి తుప్పు పడుతుంది.

ఒక హెచ్చరిక. చిలుము పట్టిన కాంటాక్టు కూడా కొంత వోల్టేజిని మింగుతుంది. దాన్ని శుభ్రం చేయగానే బల్బుకు అందే వోల్టేజి పెరుగుతుంది. అన్నాళ్లూ నిలిచిన బల్బు వారంలోనే పోవచ్చు. అందుకే శుభ్రం చేశాక బల్బు దగ్గర వోల్టేజి మరోసారి కొలిచి, అప్పుడే కొత్త బల్బు కొనండి.