వాదన మొదలుపెట్టే ముందు పూర్వపక్షం రాసుకోండి

మా బావగారూ నేనూ కలిస్తే చాలు, పిల్లల్ని తెలుగు మీడియంలో వేయాలా ఇంగ్లీష్ మీడియంలోనా అని గంటన్నర గొడవ, ఇరానీ చాయ్ మీద మీగడ కట్టేదాకా, చివరికి ఎవరి మాట వాళ్లదే.

ఈమధ్య ఇలా చేస్తున్నా. మెట్రోలో వచ్చేటప్పుడే ఒక చిన్న కాగితం మధ్యకి మడిచి, ఎడమవైపు ఆయన వాదన మూడు వాక్యాల్లో రాస్తాను, ఆయన చదివితే "ఆఁ, నేననేది అదే" అనేలా. కుడివైపు ఒక్క వాక్యమే: ఏం చూస్తే నా అభిప్రాయం మార్చుకుంటాను? ఐదు నిమిషాలైనా కుడివైపు ఖాళీగానే ఉంటే, నాది మొండిపట్టు అనుకుని ఆ రోజుకి ఆ టాపిక్ ఎత్తను. మొదటిసారి ఖాళీగానే ఉంది, కాస్త సిగ్గేసింది.

ఎడమవైపుది పాత పద్ధతే. మన శాస్త్రాల్లో ముందు పూర్వపక్షం, అంటే ఎదుటివాళ్ల వాదన; తర్వాతే సిద్ధాంతం, అంటే మనం తేల్చే మాట. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో తాను ఒప్పుకోని సాంఖ్య దర్శనం వాళ్ల వాదాన్ని వివరంగా చెప్పాకే ఖండిస్తారు. కుడివైపుది సైన్సు గురించి రాసిన తత్వవేత్త కార్ల్ పాపర్ ధోరణి, ఏది ఎదురైతే తప్పని తేలుతుందో చెప్పలేని సిద్ధాంతాన్ని ఆయన సైన్సు కింద లెక్కపెట్టలేదు.

ఎదుటివాళ్లు అప్పటికే కోపంలో ఉంటే మాత్రం కాగితం బయటికి తీయకండి, వెటకారం చేస్తున్నారనుకుంటారు. నేను తీశాను, ఆ రోజు చాయ్ డబ్బులు కూడా నేనే కట్టాను.