యూనివర్సిటీ హాల్స్‌లో రెంట్ స్ట్రైక్ ఎలా చేయాలి?

రెంట్ స్ట్రైక్ అంటే హాల్స్‌లో, అంటే విద్యార్థుల వసతి భవనాల్లో, ఉండేవాళ్లంతా కలిసి డిమాండ్లు తీరేదాకా అద్దె ఆపడం. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ తెరిచి, పిడికిలి బొమ్మ పెట్టి, "రేపటి నుంచి ఎవరూ అద్దె కట్టొద్దు" అని రాసేస్తే దాన్ని రెంట్ స్ట్రైక్ అనరు. 2020-21 కోవిడ్ ఏడాదిలో ఇంగ్లండ్‌లో చాలాచోట్ల ఇదే తంతు చూశాను. పేజీకి వందల లైకులు వస్తాయి, తీరా వాయిదా రోజు నిజంగా డబ్బు ఆపినవాళ్లు ఒక ఫ్లాట్‌కి సరిపడా కూడా ఉండరు, బాకీ నోటీసులు వెళ్లేది ఆ నలుగురికే.

అప్పటి కోపానికి కారణం అందరికీ తెలుసు. 2020 సెప్టెంబరులో రండి రండి అని పిలిచారు, వచ్చాక క్లాసులు లాప్‌టాప్‌లో పెట్టారు. మాంచెస్టర్ మెట్రోపాలిటన్ యూనివర్సిటీలో దాదాపు 1,700 మందిని హాల్స్‌లోనే ఉండిపొమ్మన్నారు. 2021 జనవరి లాక్‌డౌన్‌తో చాలామందిని అసలు తిరిగి రావద్దన్నారు, ఖాళీ గదికి అద్దె మాత్రం కట్టాలన్నారు.

కావాల్సినవి: ఒక స్ప్రెడ్‌షీట్, ఒక కొత్త ఈమెయిల్, వాట్సాప్, మీ అకామడేషన్ కాంట్రాక్ట్ కాపీ. అంతే. లోగో తర్వాత చూసుకోవచ్చు.

మొదట కాంట్రాక్ట్ తీసి, గది యూనివర్సిటీదా, ప్రైవేటు కంపెనీదా చూడండి. యూనివర్సిటీదైతే పరువు గురించి భయపడుతుంది, వచ్చే ఏడాది అడ్మిషన్లు కావాలి కాబట్టి మాట వింటుంది. కంపెనీకి ఆ బెంగ తక్కువ, పైగా మీ అద్దెకి పూచీ పడ్డ గ్యారంటర్‌ని పట్టుకుంటుంది. మొదటిసారి చేసేవాళ్లు యూనివర్సిటీ హాల్స్‌తోనే మొదలుపెట్టండి.

తర్వాత మనుషులు. ఒక్కో ఫ్లాట్‌కి ఒక మనిషి బాధ్యత తీసుకోవాలి, ఇందులో రాజీ లేదు. పెద్ద గ్రూపులో మెసేజ్ పెడితే అందరూ బొటనవేలు చూపిస్తారు, ఎవరూ కదలరు. లాక్‌డౌన్‌లో తలుపులు తట్టి తిరగడానికి రూల్స్ ఒప్పుకోలేదు, అలాంటప్పుడు ఫోన్ చేయండి, తలుపు కింద చీటీ వేయండి. ఎవరి కిచెన్‌లో వాళ్లు మొదలుపెట్టినా చాలు. 2020 సెప్టెంబరులో మెట్రోపాలిటన్ పిల్లలు కిటికీ అద్దాలకి "హెచ్ఎంపీ ఎంఎంయూ" అని అతికించారు, అంటే మా కాలేజీ జైలు అని. దానికి పైసా ఖర్చు లేదు, దేశమంతా చూసింది. ఆన్‌లైన్ పిటిషన్లంటే నాకు పడదు. సంతకం పెట్టినవాడు తన పని అయిపోయిందనుకుని పడుకుంటాడు.

డిమాండ్లు మూడు చాలు: ఇంత శాతం తగ్గింపు, కాంట్రాక్ట్ నుంచి జరిమానా లేకుండా బయటపడే హక్కు, స్ట్రైక్‌లో ఉన్నవాళ్ల మీద ఏ చర్యా ఉండకూడదు. మూడోది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

ఇక అసలు పని, డబ్బు ఆపే రోజు. ఇక్కడే అందరూ బోర్లా పడతారు, కాబట్టి నిదానంగా చదవండి.

అద్దె ఆపడమంటే కాంట్రాక్ట్ తప్పడమే. కార్మికుల సమ్మెకి ఉన్న చట్టరక్షణ దీనికి లేదు. లేట్ ఫీజు వేయొచ్చు, బాకీ వసూలుకి రావొచ్చు. మిమ్మల్ని కాపాడేది సంఖ్య ఒక్కటే. అందుకే హామీ షరతుతో తీసుకోవాలి: "ఇంతమంది చేరితేనే ఆపుతాను, చేరకపోతే అందరిలాగే కట్టేస్తాను" అని. నా లెక్క హాల్‌లో మూడో వంతు, అంతకు తక్కువైతే కట్టేసి తర్వాతి వాయిదాకి చూసుకోండి. ఉత్సాహం ఆపుకోలేక ముందే ఆపేసే హీరో ఒకడు ప్రతి బ్లాక్‌లోనూ ఉంటాడు, వాణ్ణి కూర్చోబెట్టి మాట్లాడండి.

డైరెక్ట్ డెబిట్‌ని, అంటే ఖాతాలోంచి అద్దె దానంతటదే వెళ్లే ఏర్పాటుని, బ్యాంకు యాప్‌లోనే రద్దు చేయాలి. యూనివర్సిటీ పోర్టల్‌లో రద్దు నొక్కి ఊరుకుంటే, వాయిదా రోజు పొద్దున్నే డబ్బు వెళ్లిపోయి ఉంటుంది. చివరి రాత్రి దాకా ఆగొద్దు, కనీసం రెండు మూడు పనిదినాల ముందే చేసి స్క్రీన్‌షాట్ తీసి ఫ్లాట్ బాధ్యుడికి పంపండి. కార్డు నంబరు సేవ్ చేసి ఉంటే అది డైరెక్ట్ డెబిట్ జాబితాలో కనబడదు, దాన్ని ఆపమని బ్యాంకుకి విడిగా చెప్పాలి. స్ప్రెడ్‌షీట్‌లో "హామీ ఇచ్చారు" అని ఒక గడి, "స్క్రీన్‌షాట్ వచ్చింది" అని ఇంకో గడి పెట్టండి. రెండో గడే లెక్క.

ఆపిన డబ్బు ముట్టుకోవద్దు. వేరే ఖాతాలోనో, మోంజో యాప్ బ్యాంకు ఉంటే అందులో విడిగా దాచుకునే ఒక పాట్‌లోనో పడేయండి. అది మీ డబ్బు కాదు, బేరం కుదిరాక అందులో చాలా భాగం కట్టాల్సిందే. డెలివరూలో తిండి ఆర్డర్లు పెట్టుకుంటూ పోతే తర్వాత ఏడుపే.

మన తెలుగు పిల్లలకి విడిగా ఒక మాట. గ్యారంటర్ దొరక్క ఏడాది అద్దె ముందే కట్టేసినవాళ్లు మనలో బోలెడుమంది. మీరు ఆపడానికి ఏమీ లేదు, కానీ వాపసు డిమాండ్‌లో పేరు రాయించండి. ట్యూషన్ ఫీజు జోలికి మాత్రం పోవద్దు. వీసా స్పాన్సర్ యూనివర్సిటీయే, ఫీజు ఎగ్గొడితే స్పాన్సర్‌షిప్‌కే ఎసరు. అద్దె వేరే లెక్కే అయినా, స్టూడెంట్స్ యూనియన్ అడ్వైస్ సెంటర్‌లో అడగకుండా ఎవరూ ముందుకు వెళ్లొద్దు. ఇంట్లో అమ్మానాన్నలకి కూడా ముందే చెప్పండి, బాకీ నోటీసు ఫొటో చూశాక చెబితే వాళ్లు రాత్రంతా నిద్రపోరు.

డిగ్రీ ఆపేస్తారన్న టెన్షన్ అందరికీ ఉంటుంది. అద్దె బాకీకి డిగ్రీ ఆపడం లాంటి చదువు సంబంధమైన శిక్షలు వినియోగదారుల చట్టానికి విరుద్ధం కావచ్చని అప్పటి వినియోగదారుల రక్షణ సంస్థ ఓఎఫ్‌టీ (ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగ్) 2014లోనే చెప్పింది. బెదిరింపు ఈమెయిల్ వస్తే ఎవరికి వాళ్లు జవాబివ్వొద్దు, కొత్త ఈమెయిల్‌కి పంపండి, అందరి తరఫునా ఒకే జవాబు వెళ్లాలి.

ఆ తర్వాత ఓపిక పట్టాలి. బ్రిస్టల్ యూనివర్సిటీలో 2020 శరదృతువులో వెయ్యి మందికి పైగా అద్దె ఆపి నిలబడ్డారు. మాంచెస్టర్ యూనివర్సిటీ (మెట్రోపాలిటన్ కాదు, ఇది వేరే) అదే ఏడాది నవంబరు 5న ఫాలోఫీల్డ్ హాల్స్ చుట్టూ కంచె వేస్తే పిల్లలు ఆ రాత్రే పీకేశారు, వారం తిరిగేసరికి అక్కడి ఓవెన్స్ పార్క్ టవర్‌లో బైఠాయించారు, నెలాఖరుకి మొదటి సెమిస్టర్ అద్దెలో 30 శాతం తగ్గింపు వచ్చింది. కంచె ఫొటోలు అందరికీ గుర్తున్నాయి, అంతకు ముందు ఫ్లాట్ ఫ్లాట్‌కీ తిరిగి జరిగిన పని ఎవరికీ కనబడదు.

బేరంలో మొదటి ఆఫర్ తీసుకోవద్దు. తీసుకునేది రాతలో ఉండాలి: ఎంత శాతం, ఏ నెలలకి, ముందే కట్టినవాళ్లకి ఏ తేదీకి వాపసు, లేట్ ఫీజులు రద్దు. ఆ కాగితం వచ్చాక తగ్గింపు పోను మిగతాది అందరూ ఒకే రోజు కట్టేయండి.